దిగుమతి గ్యాస్ సిలిండర్: నింపే ముందు ఏం చూడాలి?

ఓడ బయలుదేరక ముందే, ఆ డిజైన్‌కూ తయారీ ఫ్యాక్టరీకీ మీ దేశ నియంత్రణ సంస్థ ఆమోదం ఉందో లేదో తేల్చుకోండి. ఒక దేశంలో చెల్లిన ముద్ర మరో దేశంలో చెల్లకపోవచ్చు. సరుకు రేవుకు చేరాక ఆ సంగతి తెలిస్తే అక్కడే ఆగిపోతుంది.

సరుకు అందాక సిలిండర్ భుజం (మెడ కింది వంపు భాగం) మీద చెక్కిన ముద్రలు చదవండి: తయారీ ప్రమాణం, సీరియల్ నంబరు, ఖాళీ బరువు, లోపల పట్టే నీటి పరిమాణం, పరీక్షా పీడనం, పరీక్ష జరిగిన తేదీ. సీరియల్ నంబర్లను సర్టిఫికెట్‌తో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. రుద్ది చెరిపినట్టున్న ముద్ర కనిపిస్తే ఆ సిలిండర్‌ను పక్కన పెట్టండి, కొత్త రంగు చూసి మోసపోవద్దు.

అన్నిటికన్నా ప్రమాదం వాల్వ్ బిగించే మర (స్క్రూ చుట్లు) దగ్గర. 3/4 అంగుళం మర ఉన్న సిలిండర్‌లోకి ఎం25 (25 మిల్లీమీటర్ల మెట్రిక్ మర) వాల్వ్ వదులుగా ఎక్కేస్తుంది, తక్కువ పీడనంలో నిలుస్తుంది కూడా. నింపుతున్నప్పుడు తూటాలా ఎగిరిపోవచ్చు, మనుషుల ప్రాణాలు తీయవచ్చు. అందుకే కంటి అంచనా వద్దు, గో, నో-గో గేజ్‌లతోనే (సరైన మరలో ఒకటి ఎక్కాలి, రెండోది ఎక్కకూడదు) కొలవండి.

తర్వాత నీటి పీడన పరీక్ష. సాధారణంగా 200 బార్ (బార్ అంటే పీడన కొలమానం) పని పీడనం ఉన్న సిలిండర్‌ను 300 బార్‌కు పరీక్షిస్తారు. పీడనం తీసేశాక మిగిలే శాశ్వత వ్యాకోచం ప్రమాణం చెప్పిన హద్దు దాటితే, ఆ సిలిండర్‌ను మళ్లీ ఎవరూ నింపలేకుండా చేయించండి.