గాజు పూసల మీద లిపిడ్ పొర సరిగా పట్టనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

వెలిగే రంగు కలిపిన చిన్న లిపిడ్ (కొవ్వు) బుడగలు, అంటే వెసికిల్స్, గాజు పూసలకు అంటుకుని, పగిలి, కణపొర లాంటి రెండు వరసల పొరగా పరుచుకోవాలి. అలా జరగనప్పుడు ఏం చూడాలో, ఏం చేయాలో ఇది. ఇక్కడి లెక్కలు 5 మైక్రాన్ల సిలికా (గాజు) పూసలకు, డీఓపీసీ లేదా పీఓపీసీ అనే లిపిడ్‌కు వర్తిస్తాయి. బఫర్‌లో 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, పీహెచ్‌ను నిలిపే హెపెస్ 20 మిల్లీమోలార్ ఉంటాయి, పీహెచ్ 7.4. మైక్రోస్కోప్ కింద బయటపడే తప్పుల్లో చాలావరకు పూస, లిపిడ్ కలవకముందే జరిగిపోయినవే. అందుకే వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఉంగరం మీద మెరిసే చుక్కలు

పూస నడుముకు ఫోకస్ చేస్తే సన్నగా, ఎక్కడా తెగకుండా వెలుగు ఉంగరం కనిపించాలి. దాని మీద ఆవాలు అతికించినట్టు చుక్కలుంటే అవి పగలని వెసికిల్స్. గాజుకు అంటుకున్నాయి కానీ విచ్చుకుని పరుచుకోలేదు.

ముందు వెసికిల్స్ ట్యూబును వెలుతురుకు ఎత్తి చూడండి. లేత నీలి ఛాయతో తేటగా ఉంటే మంచిది. పాలలా ఉంటే బుడగలు పెద్దవని, పొర మీద పొర ఉన్నవని అర్థం. 100 నానోమీటర్ల ఫిల్టర్‌లోంచి 21 సార్లు, తర్వాత 50 నానోమీటర్ల దాంట్లోంచి మరో 21 సార్లు ఎక్స్‌ట్రూడ్ చేయండి (ఒత్తిడితో నెట్టండి). డీపీపీసీ అనే లిపిడ్ వాడుతుంటే అది 41 డిగ్రీల కింద గట్టిపడిపోతుంది. ఎక్స్‌ట్రూడర్, బఫర్, పూసలు అన్నీ 50 డిగ్రీల దగ్గర ఉండాలి.

తర్వాతి అనుమానం గాజు మీది మురికి. 10 మి.గ్రా. పూసలను 1 మి.లీ. మిథనాల్‌లో 10 నిమిషాలు బాత్ సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిపే నీటి తొట్టిలో) ఉంచండి. ఆపై 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 10 నిమిషాలు, అంతకు మించొద్దు, గాజు కరుగుతుంది. పీహెచ్ కాగితం తటస్థం చూపేదాకా నీళ్లతో కడగండి.

డీఓపీఎస్ లాంటి ఋణావేశ లిపిడ్ 20 శాతం దాటితే ఋణావేశమున్న గాజు దాన్ని తోసేస్తుంది. 2 మిల్లీమోలార్ కాల్షియం వేసి 20 నిమిషాలు ఆగి, కాల్షియంను పట్టి తీసేసే ఈడీటీఏ ఉన్న బఫర్‌తో కడగండి. ఫాస్ఫేట్ బఫర్‌లో మాత్రం కాల్షియం వేయకండి, తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది.

ఉంగరంలో నల్లని ఖాళీలు

లిపిడ్ చాలలేదు, లేదా పూసలకు గాలి తగిలింది. 10 మి.గ్రా. పూసల ఉపరితలం దాదాపు 60 చదరపు సెంటీమీటర్లు. రెండు వరసల పొరకు సుమారు 28 నానోమోల్‌ల లిపిడ్ కావాలి. అంతే వేస్తే చాలదు, పది రెట్లు వేయండి, అంటే 1 మిల్లీమోలార్ వెసికిల్స్ 280 మైక్రోలీటర్లు. పూసలనే వెసికిల్స్‌లో పోయాలి. తిరగేసి పోస్తే మొదట తగిలిన పూసలకే లిపిడ్ అంతా దక్కుతుంది.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. ఒక్క గాలి బుడగ దొర్లినా పొర ఊడి వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో 200 జి దగ్గర ఒక నిమిషం తిప్పితే పూసలు అడుగుకు చేరతాయి. అసలు తిప్పకుండా నిలబెట్టినా 12 నిమిషాల్లో ఒక సెంటీమీటరు దిగుతాయి. పైనున్న ద్రవం మొత్తం తీయకండి. పూసల మీద కనీసం 100 మైక్రోలీటర్లు వదిలి, కొత్త బఫర్‌ను ట్యూబు గోడ వెంట నెమ్మదిగా పోయండి.

లేజర్‌తో చెరిపిన చోట వెలుగు తిరిగి రావట్లేదు

పొరలో కొంత భాగం రంగును లేజర్‌తో చెరిపితే, పక్కనున్న లిపిడ్ జరిగి వచ్చి అక్కడ మళ్లీ వెలగాలి. అలా వెలగకపోతే పొర కదలట్లేదని వెంటనే తీర్మానించకండి. చదును గాజు మీద చుట్టూ లిపిడ్ పుష్కలం. పూస మీద ఉన్నది 78 చదరపు మైక్రాన్లే. సగం పూసను చెరిపితే, పొర ఎంత చక్కగా కదిలినా వెలుగు 50 శాతం దగ్గరే ఆగుతుంది. పైగా లేజర్ పూసలోంచి దూసుకుపోతుంది కాబట్టి పై తలంతో పాటు కింది తలమూ చెరుగుతుంది.

మంచి పొర ఒకటి రెండు సెకన్లలోనే కోలుకుంటుంది. పది సెకన్లకో ఫొటో తీస్తే ఆ కదలికే పట్టుబడదు. సెకనుకు కనీసం రెండు తీయండి. చెరపని వైపు కూడా కొలవండి. ఇటు వెలుగు పెరిగేకొద్దీ అటు తగ్గుతుంటే పొర కదులుతున్నట్టే. అటు తగ్గక, ఇటు పెరగక ఉంటేనే పగలని వెసికిల్స్‌ను, గడ్డకట్టిన లిపిడ్‌ను అనుమానించండి.

ప్రొటీన్ ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటోంది

పొర చిల్లుల్లోంచి బయటపడ్డ గాజే ప్రొటీన్‌ను లాగుతుంది. ఎన్‌బీడీ రంగు తగిలించిన లిపిడ్ కలిపి పొర వేసి, ఆ రంగును ఆర్పే డైథయొనైట్‌ను అప్పటికప్పుడు కలిపి వేయండి. వెలుగు సగానికి పడి నిలిస్తే పొర బాగుంది, బయటి వరస మాత్రమే ఆరింది. నిమిషాల్లో పూర్తిగా ఆరితే చిల్లులున్నాయి. చిన్న చిల్లులకు 1 మి.లీ.కు 1 మి.గ్రా. బీఎస్‌ఏ (గాజును కప్పే ప్రొటీన్) చాలు, 30 నిమిషాలు ఉంచండి. పెద్దవైతే పొర మళ్లీ వేయాల్సిందే.

నికెల్ లిపిడ్‌తో హిస్-ట్యాగ్ (నికెల్‌ను పట్టుకునే తోక) ఉన్న ప్రొటీన్‌ను పట్టిస్తుంటే సమస్య తిరగబడుతుంది, అసలే అంటదు. బఫర్‌లో మిగిలిన ఈడీటీఏ, డీటీటీ (ప్రొటీన్ ఆక్సీకరణను ఆపేది) నికెల్‌ను పాడుచేస్తాయి. డీటీటీ బదులు అదే పని చేసే టీసీఈపీ వాడండి. కాల్షియం తీయడానికి ఈడీటీఏ వాడి ఉంటే మూడుసార్లు కడిగి, నికెల్ క్లోరైడ్‌తో మళ్లీ నింపి, మిగులును కడిగేయండి.

పూసలు ముద్దకడుతున్నాయి

పొర లేని పూసలను ఉప్పు బఫర్‌లో నిలవ ఉంచడమే తరచూ కారణం. వాటిని నీళ్లలో ఉంచి, వాడే ముందు రెండు నిమిషాలు సోనికేట్ చేసి, వెంటనే వెసికిల్స్‌లో కలపండి. పొర వేశాక మాత్రం సోనికేటర్ దరిదాపులకు తీసుకెళ్లొద్దు. మెల్లగా తిరిగే రోటేటర్ మీద పెట్టి, ఆ రోజే వాడేయండి.