కమొడోర్ 64: ఎర్ర లైటు వెలుగుతుంది, బొమ్మ మాత్రం రాదు

1982లో వచ్చిన ఈ కంప్యూటర్‌లో ముఖ్యమైన ఐసీలు కమొడోర్ చేతిలోని ఎమ్ఓఎస్ టెక్నాలజీ చేసినవి. ఇప్పుడు ఆ ఐసీలు ఎవరూ తయారు చేయడం లేదు, కాబట్టి అనుమానం రాగానే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకండి. ముందు పవర్ సంగతి తేల్చండి.

స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉందా? మొదటి అనుమానం పాత అడాప్టర్ మీదే. దాన్నుంచి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ వస్తాయి. లోపలి రెగ్యులేటర్ పాడైతే చాలాసార్లు 5 వోల్టులు తగ్గవు, పెరుగుతాయి, ఆ దెబ్బకి ర్యామ్ పోతుంది, దాని వెనకే మిగతావీ. మెషీన్‌కి తగిలించకముందే మల్టీమీటర్‌తో చూడండి. 5.25 దాటితే అది ఇక పనికిరాదు, లోపలంతా ఎపాక్సీ పోసి ఉంటుంది కాబట్టి విప్పి బాగుచేద్దామని కూర్చోవద్దు, కొత్తది కొనండి. రీడింగ్ సరిగ్గా ఉన్నా లోడ్ మీద, అంటే కరెంటు లాగుతున్నప్పుడు, మళ్లీ చూడాల్సిందే.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఎర్ర లైటు 5 వోల్టుల మీదే వెలుగుతుంది, దానికి 9 వోల్టులతో పనిలేదు. పాత పెద్ద బోర్డుల్లో వీడియో ఐసీకి (6567 లేదా 6569) కావాల్సిన 12 వోల్టులు ఆ 9 వోల్టుల ఏసీ నుంచే తయారవుతాయి. ఆ 9 వోల్టుల దారిలో బోర్డు మీదున్న ఫ్యూజు పోతే లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం ఉండదు. పాపం, బాగున్న వీడియో ఐసీని మార్చేస్తారు!

పవర్ బాగుంటే అప్పుడు పీఎల్‌ఏ (ఏ సమయానికి ఏ ఐసీ పలకాలో చెప్పే ఐసీ), నంబరు 906114-01. నల్ల స్క్రీన్‌కి పేరుమోసిన దొంగ ఇదే. దీనికి బదులుగా కొత్తగా చేసినవి దొరుకుతాయి. 27సీ512 ఈప్రామ్‌తో (ఒకరకం మెమరీ ఐసీతో) చేసినవి చవకే కానీ టైమింగ్ తేడాతో కొన్నిచోట్ల సతాయిస్తాయి, నేనైతే వాటి జోలికి పోను.

ర్యామ్ అనుమానమైతే డెడ్ టెస్ట్ అనే పరీక్ష కార్ట్రిడ్జ్ పెట్టండి, స్క్రీన్ ఎన్నిసార్లు మెరిసిందో దాన్నిబట్టి పాడైన ఐసీ ఏదో తెలుస్తుంది. కార్ట్రిడ్జ్ లేదా? ఒక నిమిషం ఆన్‌లో ఉంచి 4164 నంబరు ర్యామ్ ఐసీల మీద ఒక్కోదానికీ వేలు ఆనించండి, మిగతావాటికన్నా బాగా కాలుతున్నదే మొదటి అనుమానితుడు. స్టార్టయినా మొదటి స్క్రీన్‌లో ఖాళీ మెమరీ 38911 కన్నా తక్కువ బైట్లు చూపిస్తే అదీ ర్యామ్ గోలే.

స్టార్టయింది, కర్సర్ కొట్టుకోదు, కీబోర్డ్ పలకదు: బోర్డు మీద యూ1 అని రాసున్న చోటి 6526, కీబోర్డ్‌ని చూసుకునే ఐసీ. యూ2లోనూ అదే ఐసీ ఉంటుంది, రెండూ సాకెట్లలో ఉంటే పవర్ ఆపి అటుదిటు మార్చి చూడండి, కర్సర్ కొట్టుకుంటే దొంగ దొరికినట్టే.

సౌండ్ లేకపోతే సిడ్ అనే సౌండ్ ఐసీ (6581 లేదా 8580) చూడండి, అది చచ్చినా మెషీన్ స్టార్టవుతుంది. మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: 6581కి 12 వోల్టులు, 8580కి 9 వోల్టులు, ఒకదాని సాకెట్లో ఇంకొకటి అలాగే పెట్టేయకూడదు.