గల్ఫ్ వెళ్లే ముందు ఇంటి లోను ఈఎంఐ తగ్గించుకుంటే

కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్లబోతూ బ్యాంకులో ఇంటి లోను, ఊళ్లో నూటికి రెండు రూపాయల ప్రోనోటు బాకీ రెండూ ఉన్నవాళ్లకి: రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ముందు తీరాల్సింది అదే.

20 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఇంకా 10 ఏళ్లు ఉంటే ఈఎంఐ సుమారు 25,335. గడువు 20 ఏళ్లు చేయిస్తే 17,995. మిగిలే 7,300 చిల్లర నెలనెలా ప్రోనోటుకి కట్టేయండి. తీరాక చెల్లు రాయించుకుని అసలు కాగితం వెనక్కి తీసుకోవాలి. లేకపోతే మీరు విమానం ఎక్కాక ఇంట్లో ఆడవాళ్లు దానికోసం తిరగాల్సి వస్తుంది.

గడువు పెంచమని బ్యాంకులో అర్జీ ఒక్క వాయిదా కూడా తప్పకముందే పెట్టండి. తప్పాక అడిగితే మొండి ఖాతాగా చూసే ప్రమాదం ఉంది, సిబిల్ స్కోరు (అప్పులు సక్రమంగా కడుతున్నామో చూపే మార్కులు) కూడా దెబ్బతింటుంది. వయసు మీరినవాళ్లకి అంత గడువు ఇవ్వరు.

బాకీ తీరాక చాలామంది ఈఎంఐ తగ్గించుకున్న సంగతి మర్చిపోతారు. 20 ఏళ్లూ అలాగే వదిలేస్తే వడ్డీయే దాదాపు 12.8 లక్షలు అదనం. ఫ్లోటింగ్ (మారుతుండే) వడ్డీ ఇంటి లోనుకి ముందే కట్టినా జరిమానా ఉండదు కాబట్టి, అక్కడి జీతం నుంచి ఎన్నార్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన ఇక్కడికి పంపుకునే ఖాతా) ద్వారా అసలుకి జమ వేస్తుండండి. మామూలు సేవింగ్స్ ఖాతా ఎన్నార్‌వోగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాగా) మారేటప్పుడు ఆటో డెబిట్ ఆగలేదని ఒకసారి చూసుకోండి.