ఫాస్టర్ పేరెంట్ కావాలంటే ఏం చేయాలి? ఏ సాయం అందుతుంది?

దత్తత వేరు, ఫాస్టర్ కేర్ వేరు. దత్తత తీసుకుంటే ఆ బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డే. ఫాస్టర్ కేర్‌లో అలా కాదు. పెంచే స్థితిలో కన్నవాళ్లు లేనందున ఆ బాధ్యతను మీరు కొంతకాలం మోస్తారు. వాళ్లు కోలుకున్నారని, పిల్లల రక్షణపై నిర్ణయాలు తీసుకునే జిల్లా బాలల సంక్షేమ సమితి నమ్మితే బిడ్డ తిరిగి వెళ్తుంది. 'ఎప్పటికీ మాతోనే ఉండాలి' అన్నదే మీ కోరికైతే దత్తతకే దరఖాస్తు చేయండి. ఈ సంగతి ముందే తేల్చుకోకుండా తెచ్చుకుని ఆనక వెనక్కి పంపితే, ఆ బిడ్డ రెండోసారి ఇల్లు పోగొట్టుకుంటుంది.

ఎవరు అర్హులు?

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్ దీనికి ఆధారం. కేంద్రం 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లికానివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు పొందినవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి మగపిల్లలనే ఇస్తారు. ఒంటరివారికి కనీసం 35 ఏళ్లుండాలి. దంపతులైతే ఇద్దరి వయసూ కలిపి 70కి తగ్గకూడదు, రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. ఇచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలను. పసిబిడ్డ కోసం వచ్చేవారికి ఈ దారి పనికిరాదు.

దరఖాస్తు, ఇంటి పరిశీలన

దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ 'కారా' నడిపే కేరింగ్స్ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. అంతకంటే ముందు మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఒకసారి వెళ్లి మాట్లాడటం మంచిది. ఏయే పత్రాలు కావాలో అక్కడ రాయించుకోండి. మధ్యవర్తి ఎవరైనా 'పిల్లను ఇప్పిస్తాం' అంటే అక్కడే ఆపేయండి. పిల్లల్ని కొనడం, అమ్మడం జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడే నేరం.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఇల్లు అద్దంలా మెరవాలని హైరానా పడకండి. వాళ్లు చూసేది వేరు: బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, మీరు పనికి వెళ్తే ఎవరు చూసుకుంటారు, కోపం వస్తే ఇంట్లో ఏం జరుగుతుంది, మీ సొంత పిల్లలు ఏమంటున్నారు. తరచూ చిక్కు వచ్చేది ఇంట్లో ఒకరు లోలోపల ఒప్పుకోకపోవడం వల్లే. అత్తగారికో పెద్దకొడుక్కో ఇష్టం లేకపోతే అది ఈ దశలోనే బయటపడనివ్వండి. అనారోగ్యాన్ని, అప్పులను దాచకండి. బీపీ ఉందని చెబితే పోయేదేం లేదు, దాచిన సంగతి తర్వాత తెలిస్తే నమ్మకమే పోతుంది.

ఆర్డర్ చేతికి రాకుండా బిడ్డను తీసుకురావద్దు

సమితి రాతపూర్వక ఉత్తర్వు ఇస్తుంది, మీరు హామీపత్రం మీద సంతకం చేస్తారు. సంతకానికి ముందే అడగండి: ఏ మందులు వాడుతోంది? ఏ తరగతి దాకా చదివింది? తోబుట్టువులు ఎక్కడున్నారు? కన్నవాళ్లు కలవడానికి వస్తారా, ఎన్నాళ్లకోసారి? ఏ విషయానికి భయపడుతుంది? మొహమాటపడి ఈ చివరి ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ. చీకటి గది అంటే వణికే పిల్లను తెలియక ఒంటరిగా పడుకోబెడితే మొదటి రాత్రే ఆ ఇల్లు భయపెట్టే చోటవుతుంది.

మొదటి నెల

మొదట్లో బిడ్డ మరీ బుద్ధిగా ఉండొచ్చు. కుదురుకున్నాక మొండితనం, అబద్ధాలు, పక్క తడపడం మొదలైతే పెంపకం చెడిందని అనుకోకండి. ఇక్కడైనా ఉండనిస్తారా లేదా అని ఆ బిడ్డ పరీక్షిస్తోంది. దిండు కింద తిండి దాచుకుంటే తిట్టకండి, అందేచోట ఒక డబ్బా పెట్టి ఖాళీ కాకుండా చూడండి. తిండి రేపు కూడా ఉంటుందని ఒంటికి నమ్మకం కుదిరాక ఆ అలవాటు దానంతటదే సడలుతుంది. పాత సంచి, చిరిగిన చొక్కా పారేయొద్దు. 'అమ్మా' అని పిలవమని బలవంతపెట్టొద్దు. కన్నవాళ్లను కలిసొచ్చిన రోజు గొడవ చేస్తే ఆ సాయంత్రం చదువు, మందలింపు పక్కనపెట్టండి.

ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. బిడ్డ ఎవరో తెలిసేలా వివరాలు ప్రచురించడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అందే సాయం

కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు జిల్లా విభాగం ద్వారా వస్తాయి. ఇది బిడ్డ తిండికీ, చదువుకూ, వైద్యానికీ. మీ ఇల్లు గడవడానికి ఈ డబ్బు మీద లెక్క వేసుకోవద్దు. ఆలస్యమైనా బిడ్డకు లోటు రాకుండా చూసుకోగలగాలి. ఆగిపోతే ఫోన్‌తో సరిపెట్టక రాతపూర్వకంగా అడిగి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

బడి విషయంలో 2009 విద్యాహక్కు చట్టం మీ వైపే ఉంది. పద్నాలుగేళ్లలోపు బిడ్డకు వయసు ధ్రువపత్రం లేదనో, టీసీ రాలేదనో ప్రవేశం నిరాకరించకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి.

నెలనెలా జరిగే తనిఖీని మీ మీద అనుమానంగా తీసుకోకండి. నిద్ర పట్టడం లేదు, కౌన్సెలింగ్ కావాలి అని చెప్పుకోవడానికి దొరికే సమయం అదే. అప్పటిదాకా ఆగలేని స్థితి వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

రెండేళ్లు మీ దగ్గర పెరిగిన బిడ్డ చట్టపరంగా దత్తతకు అర్హత పొందితే మీరే దత్తత కోరవచ్చు. 2024కు ముందు ఈ గడువు ఐదేళ్లు. తిరిగి వెళ్లాల్సి వస్తే టీకా కార్డు, మందుల చీటీలు, మార్కుల జాబితాలు, మీతో దిగిన ఫొటోలు ఒక ఫైల్లో పెట్టి, ఏ కూర ఇష్టమో, రాత్రి ఎలా పడుకోబెడితే నిద్రపోతుందో ఒక కాగితం మీద రాసి వెంట పంపండి.