మొదటి హార్మోన్ ఇంజెక్షన్‌కు ముందు

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ ఇంజెక్షన్ రాశారనగానే ఇంట్లోవాళ్లకు సగం టెన్షన్ తీరిపోతుంది. కీమో కాదు కదా, ఒక్క సూదే కదా అనుకుంటారు. మా నాన్నగారి విషయంలో మేమూ అలాగే అనుకున్నాం. సూది చిన్నదే, కానీ దాని ప్రభావం ఒళ్లంతా ఉంటుంది. అందుకే మొదటి డోసుకు ముందు దొరికే వారం పది రోజులను వదులుకోవద్దు.

ముందు ఆ మందు ఏం చేస్తుందో తెలియాలి. ప్రొస్టేట్ కణంలో ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉంటుంది, అంటే మగ హార్మోన్లు వచ్చి అతుక్కునే చోటు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వచ్చి దానికి అతుక్కుంటే కణానికి పెరగమని ఆజ్ఞ అందినట్టే. ఆ హార్మోన్‌ను ఆపేస్తే క్యాన్సర్ కణాలు చాలావరకు చచ్చిపోతాయి, లేదా పెరగడం మానేస్తాయి. 1941లో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ చూపించింది ఇదే. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ల్యూప్రోలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్ లాంటి ఇంజెక్షన్లు పనిచేసేది మెదడు కింద ఉండి టెస్టోస్టిరాన్ తయారీని నడిపించే పీయూష గ్రంథిలోని రిసెప్టర్ల మీద. వాటిని ముందు గట్టిగా తట్టి లేపుతాయి. విడవకుండా తట్టగా తట్టగా అవి అలసిపోయి పలకడం మానేస్తాయి. అంటే మొదటి వారం, పది రోజులు టెస్టోస్టిరాన్ తగ్గదు సరికదా, పెరుగుతుంది. పూర్తిగా పడిపోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వ్యాధి వెన్నెముకకు పాకినవాళ్లకు ఆ మధ్య కాలమే ప్రమాదం. గడ్డ కాస్త ఉబ్బినా వెన్నుపాము నలిగిపోవచ్చు.

నాన్నగారికి ఇంజెక్షన్ వేసిన నాలుగో రోజు నడుము నొప్పి మొదలైంది. సరిగా పడుకోలేదేమో అని ఆయన, కండరం పట్టేసిందేమో అని మేము. అదృష్టం కొద్దీ ముదరలేదు. ఇలా జరగొచ్చని మాకు ముందు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు అడగండి. ఎముకల స్కాన్‌లో ఏం తేలింది? టెస్టోస్టిరాన్‌ను ప్రొస్టేట్ కణానికి అతుక్కోనివ్వని బైకాలుటమైడ్ మాత్ర ఇంజెక్షన్‌కు ముందు కొన్నాళ్లు వేసుకోవాలా? మొదట్లో ఈ పెరుగుదల లేకుండా నేరుగా రిసెప్టర్‌ను మూసేసే డెగరెలిక్స్ ఇంజెక్షన్ గానీ, రెలుగోలిక్స్ మాత్ర గానీ మాకు మేలా? కొత్తగా నడుము నొప్పి వచ్చినా, కాళ్లు తేలిపోతున్నట్టున్నా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.

తర్వాత చూసుకోవాల్సింది ఎముకల బలం. టెస్టోస్టిరాన్ పోతే ఎముక పలచబడుతుంది. మొదలుపెట్టే ముందే ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ ఇచ్చే ఆలోచన ఉంటే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించాలి. పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించి, పుండు మానాక మొదలుపెట్టాలి. ఆ మందులు వాడుతుండగా పన్ను పీకితే దవడ ఎముక మానక చాలా బాధపడాల్సి రావచ్చు.

గుండెపోటు వచ్చిందా, స్టెంట్ ఉందా, షుగర్ ఉందా అన్నది డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఈ ఇంజెక్షన్లతో షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. ఈసీజీ, కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ముందే చూసుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఇంజెక్షన్‌తో పాటు క్యాన్సర్‌కు మాత్రలు కూడా రాస్తే వాటి నియమాలు వేరు. అబిరటెరోన్ పరగడుపున వేసుకోవాలి. తిన్నాక కనీసం రెండు గంటలు ఆగాలి, మాత్ర వేసుకున్నాక గంట వరకు ఏమీ తినకూడదు. కడుపులో ఆహారం ఉంటే మందు మోతాదుకు మించి రక్తంలో చేరుతుంది. దానితో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రను సొంతంగా మానేయొద్దు. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పకూడదు. ఎంజాలుటమైడ్ అయితే గతంలో ఫిట్స్ వచ్చాయేమో చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ చీటీ చూపించాలి.

రాత్రిపూట ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి. నాన్నగారి దిండు గలీబు పిండితే నీళ్లు కారేంతగా తడిసేది. పక్కన ఇంకో గలీబు మడత పెట్టి ఉంచేవాళ్లం. ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం, చిరాకు పడటం కూడా మందు వల్లే కావచ్చు. మనసు మరీ కుంగిపోతే డాక్టర్‌కు చెప్పాలి. కండ కరిగిపోకుండా బరువులతో చేసే తేలికపాటి వ్యాయామం మొదటి నెల నుంచే అలవాటు చేయండి.

పీయూష గ్రంథిని పలికించే మెదడు హార్మోన్ పేరు ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద కూడా దాని రిసెప్టర్లు ఉంటాయి. ఆ హార్మోన్ నిర్మాణాన్ని తేల్చినందుకు 1977లో నోబెల్ పంచుకున్న శాస్త్రవేత్త ఆండ్రూ షాలీ, దానిలాంటి అణువుకు డాక్సోరుబిసిన్ అనే కీమో మందును జతచేసి సరాసరి కణంలోకే చేరవేయాలని చూశారు. రోగుల మీద ట్రయల్స్ కూడా జరిగాయి. నాకు ఎంతో ఆశ కలిగించే దారి ఇది. కానీ 'రిసెప్టర్ మీద గురిపెట్టే మందు' అని ఎవరైనా ఇస్తామంటే, అది ఆమోదం పొందిన చికిత్సా, ట్రయలా అని అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

తర్వాతి ఇంజెక్షన్ తేదీని గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. ఆలస్యమైతే టెస్టోస్టిరాన్ మళ్లీ లేవచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్ తీరు తెలిపే పీఎస్‌ఏ రక్త పరీక్షకు వెళ్లినప్పుడు టెస్టోస్టిరాన్ కూడా చేయమనండి. అది డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలి. పీఎస్‌ఏ పెరిగిందని, మందు పనిచేయడం లేదని బెంబేలెత్తే ముందు ఆ రెండో అంకె చూడండి.