ప్రొజెక్టర్ హెడ్‌లైట్: గ్లాసులో ఆవిరి, గురి తప్పిన వెలుగు

విశాఖ బీచ్ రోడ్డు తేమగాలికి, హెడ్‌లైట్‌లో ప్రొజెక్టర్ (లెన్స్ గుండా వెలుగు పంపే దీపం) బిగించిన నెలకే గ్లాసు లోపల ఆవిరి పట్టింది. పాత బ్యుటైల్ (గ్లాసు అంచును మూసే రబ్బరు లాంటి జిగురు) మీదే మళ్లీ అతికించడం వల్ల వచ్చిన తిప్పలది. హీట్ గన్‌తో అంచంతా వేడిచేసి గ్లాసు ఊడదీశాను. పాత జిగురు పూర్తిగా గీకి, కొత్త బ్యుటైల్ గాడి నిండా పరిచి, వేడి మీదే క్లిప్పులు నొక్కాను. వెనక గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు, మూస్తే లోపలి తేమ బయటికి పోదు.

అంతకన్నా ముఖ్యం కటాఫ్, అంటే లో బీమ్ (డిమ్) వెలుగు పై అంచున కనిపించే గీత. మనది ఎడమవైపు డ్రైవింగ్, కాబట్టి లో బీమ్ గీత ఎడమ పక్కనే పైకి లేవాలి. కుడివైపు లేచే లెన్స్ కొంటే అరకు ఘాట్‌లో ఎదురొచ్చే డ్రైవరు కళ్లలో కొడుతుంది. టైర్ల గాలి సరిచూసి, గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, గీతను లెన్స్ మధ్య ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు దించాను.