ఆరామం నుంచి ఇంటికి – 5వ పాఠం: నా తప్పు చెప్పండి అని అడగడం

పోయిన పాఠంలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన అద్దం సాధన చూశాం. పని చేసే ముందు, చేస్తుండగా, చేశాక దాన్ని పరిశీలించుకోవడం. అది ఎవరికి వాళ్ళు చేసుకునేది కాబట్టి దానికో హద్దుంది. మన గొంతు ఎప్పుడు పెరిగిందో మనకు తెలియదు, పక్కవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళచేత చెప్పించుకోవడమే ఈ పాఠం. భిక్షు సంఘంలో దీన్ని ప్రవారణ అంటారు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసే పున్నమినాడు చేస్తారు.

ఇది ఎలా మొదలైందో భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని మహావగ్గ అనే భాగం చెబుతుంది. కోసల దేశంలో కొందరు భిక్షువులు వానాకాలమంతా ఒకచోట ఉండాల్సి వచ్చింది. గొడవలు రాకుండా ఉండాలని అసలు మాట్లాడుకోవడమే మానేశారు. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి నీళ్ళు పెడతాడు, చివర వచ్చినవాడు అన్నీ తీసి ఊడుస్తాడు. నీళ్ళ కుండ ఎత్తడం ఒక్కడి వల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకణ్ణి పిలుస్తాడు. వానాకాలం పోయాక శ్రావస్తికి వెళ్ళి, ఏ కలహమూ లేకుండా హాయిగా గడిపామని చెప్పారు. బుద్ధుడు మెచ్చుకోలేదు. పశువుల్లా, గొర్రెల్లా కలిసి ఉన్నారని మందలించి, మూగనోము పట్టవద్దన్నాడు. దాని బదులు ప్రవారణ పెట్టాడు.

మన ఇళ్ళలో చాలాచోట్ల నడిచేది ఆ కోసల ఒప్పందమే. “మా ఇంట్లో ఒకరినొకరు మాట అనుకోం” అని గొప్పగా చెప్పుకుంటారు. అడక్కుండానే పచ్చడి గిన్నె చేతికొస్తుంది. పొలం పంపకం మాట మాత్రం పదేళ్ళుగా ఎవరూ ఎత్తరు.

అసలు పద్ధతి

సంఘంలో అందరికన్నా పెద్ద భిక్షువు మొదలుపెడతాడు. ఉత్తరీయం ఒక భుజానికి సర్దుకుని, గొంతుక్కూర్చుని, చేతులు జోడించి అడుగుతాడు: మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఉంటే దయతో నాకు చెప్పండి, తప్పని నాకు కనబడితే సరిదిద్దుకుంటాను. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత వరసగా చిన్నవాళ్ళు.

మొదట్లో అందరి వంతూ అయ్యేదాకా అందరూ గొంతుక్కూర్చునే ఉండాలన్నారు. ఓపిక లేని ఒక వృద్ధ భిక్షువు కింద పడిపోయాడు. అప్పటి నుంచి ఎవరి వంతుకు వాళ్ళు అలా కూర్చుంటే చాలు. ప్రమాదం ఉన్నా, వాన ముంచుకొస్తున్నా, పొద్దుపోయినా మూడుసార్లకు బదులు రెండుసార్లు, ఒక్కసారి అడిగినా సరిపోతుంది. మనకు అనువుగా మార్చుకోవడానికి వెనకాడనక్కర్లేదని ఇలాంటివి చూస్తే తెలుస్తుంది.

వరస మాత్రం మార్చకండి. ముందు పెద్దవాళ్ళు అడగాలి. చిన్నవాళ్ళను మొదలుపెట్టమంటే అది సంజాయిషీ అవుతుంది. శ్రావస్తి దగ్గర పూర్వారామమనే విహారంలో అయిదువందల మంది భిక్షువుల ముందు, నా చేతలో, మాటలో తప్పుపట్టేది ఏమైనా ఉందా అని మొట్టమొదట అడిగింది బుద్ధుడే.

ఇంట్లో

నెలకొకసారి, రాత్రి భోజనాలయ్యాక, టీవీ ఆపి, ఫోన్లు వేరే గదిలో పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆకలి మీద వద్దు. చుట్టాలున్న రోజు, పిల్లల పరీక్ష ముందురోజు వద్దు. వారంవారం పెడితే తప్పులు ఏరుకొచ్చి చెప్పడం అలవాటవుతుంది.

పెద్దవాళ్ళు ఇలా అడగండి: “ఈ నెలలో నా మాట వల్ల గానీ, చేసినదాని వల్ల గానీ మీకు కష్టం కలిగిందా? చూసింది, విన్నది, అనుమానం, ఏదైనా సరే చెప్పండి.” మొదటిసారికి “అబ్బే, ఏం లేదు” అనే వస్తుంది. అది మర్యాదే గాని జవాబు కాదు. పది శ్వాసలు ఆగి మళ్ళీ అడగండి. మూడోసారికీ ఎవరూ మాట్లాడకపోతే ఆపేయండి. నాలుగోసారి అడిగితే బలవంతం అవుతుంది. అత్తగారో తాతగారో ఇష్టపడకపోతే వదిలేయండి, తర్వాతి వాళ్ళతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరు ఒక్కరికి ఒక్క విషయమే చెప్పాలి.

చెప్పేవాళ్ళకు

ప్రతి మాటకూ ముందు అది ఏ రకమో చెప్పాలి: చూశానా, విన్నానా, అనుమానమా. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే. “మీకు మా పుట్టింటివాళ్ళంటే లెక్కలేదు” అన్నారనుకోండి, మూడూ కలిసిపోయాయి, జవాబు చెప్పే దారే లేదు. దాన్నే విడదీస్తే: “ఆదివారం మా నాన్న వచ్చినప్పుడు మీరు పావుగంటసేపు ఫోన్ చూస్తూనే ఉన్నారు. ఇది చూసింది. ఆయన రావడం మీకిష్టం లేదేమో. ఇది నా అనుమానం.” చూసినదానికి అవును, కాదు అని చెప్పొచ్చు. అనుమానాన్ని అనుమానంగా చెబితే తీర్చడం కూడా తేలికే.

నోరు తెరిచే ముందు అయిదు చూసుకోమంటుంది వినయపిటకం: ఇది సమయమేనా, నిజమేనా, మెత్తగా చెబుతున్నానా, వాళ్ళకు మేలు చేసేదేనా, లోపల మైత్రి ఉందా. కోపం ఇంకా చల్లారకపోతే అయిదోది లేనట్టే. అది వచ్చే నెలకు ఉంచండి.

వినేవాళ్ళకు

వీళ్ళకు రెండే: నిజం తప్పకపోవడం, కదలిపోకపోవడం. పదో తరగతి చదివే కొడుకు, “నాన్నా, మొన్న బాబాయి వాళ్ళ ముందు నా మార్కులు చదివావు” అంటాడు. “అవును, చదివాను.” అక్కడ ఆగాలి. “నీ మంచి కోసమే కదరా” అన్నారా, వచ్చే నెల వాడు నోరు తెరవడు. అది తప్పని మీకు కనబడితే ఏం మారుస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి: “ఇకమీదట నిన్నడక్కుండా ఎవరికీ చెప్పను.” తప్పని తోచకపోతే “ఆలోచిస్తాను” చాలు. చెప్పినదల్లా ఒప్పుకోవాలని లేదు.

చెడేది చాలాసార్లు ఇక్కడే. ఎలా చెడుతుందో అనుమాన సుత్తం అనే ఉపదేశంలో బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడు వరసపెట్టి చెప్పాడు. “నువ్వు మాత్రం తక్కువా?” అని తిప్పికొట్టడం, మాట మార్చడం, మొహం ముడుచుకోవడం. అవే మన ఇళ్ళలోనూ. వీటన్నిటికన్నా మొండిది ఛన్నుడనే భిక్షువు దారి: నాకు మంచీ చెడూ ఏమీ చెప్పకండి, మీకూ నేను చెప్పను అన్నాడు. అందుకే ఒక నియమమే పుట్టింది.

ఆఫీసులో

వర్షావాసంలాగే క్వార్టర్ కూడా మూడు నెలలు, కాబట్టి క్వార్టర్‌కొకసారి చాలు. ఏడుగురికి మించితే రెండు జట్లు చేయండి. అప్రైజల్ జరిగే నెలలో పెట్టకండి, ఎవరూ నిజం చెప్పరు. మొదటి రెండు విడతల్లో టీమ్ లీడ్ ఒక్కరే అడగాలి, మిగతావాళ్ళ వంతు మూడో విడత నుంచి. “సార్, సోమవారం క్లయింట్ కాల్‌లో నేను చెబుతుంటే రెండుసార్లు మధ్యలో అందుకున్నారు” అని ఒక జూనియర్ అంటే, లీడ్ దాన్ని తన పుస్తకంలో తన చేత్తో రాసుకోవాలి, ఎవరన్నారో రాయకుండా. నెల తర్వాత ఏం మార్చుకున్నదీ టీమ్‌కు చెప్పాలి. ఇది మరిచిపోతే రెండో విడతకు మిగిలేది మర్యాదే.

ఎక్కడ చేయకూడదు

ఎదుటివాళ్ళ తప్పు ఎత్తే ముందు, చెప్పొచ్చా అని వాళ్ళ అనుమతి అడగాలన్నది ఇంకో నియమం. ఛబ్బగ్గియులనే ఆకతాయి భిక్షువుల జట్టు దీన్నీ వాడుకుని ఏ పాపం ఎరగనివాళ్ళ మీద నిందలు వేసింది. దాంతో అడిగిన మనిషిని తూచి చూసి అనుమతి ఇవ్వమన్నాడు బుద్ధుడు. కొట్టే భర్త, విన్నది తర్వాత ఆయుధంగా వాడే బంధువు, కక్ష తీర్చుకునే మేనేజర్ ఉన్నచోట ఈ సాధన వద్దు. అక్కడ కావాల్సింది రక్షణ.

ఈ నెల అభ్యాసం

మొదటి వారం ఎవరినీ ఏమీ అడక్కండి. రోజూ రాత్రి, ఆరోజు మీరు ఇతరుల గురించి అన్న ఒక ఫిర్యాదు రాసి, పక్కన చూ, వి, అ అని గుర్తుపెట్టండి. రెండో వారం ఇంట్లో మీకన్నా చిన్నవాళ్ళలో ఒక్కరిని ఒంటరిగా, మూడుసార్లు అడగండి. మూడో వారం వాళ్ళు చెప్పినదాని మీద పని చేయండి, దాని ఊసెత్తకండి. నాలుగో వారం అందరూ కూర్చోండి. తేలని గొడవ ఏదైనా బయటపడితే అక్కడే తేల్చాలని చూడకుండా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తవ్వేకొద్దీ పెరిగే తగాదాలను సంఘం ఎలా ముగిస్తుందో 6వ పాఠంలో చూస్తాం, ఆ కాగితం అప్పుడు కావాలి.